బావ బిగించిన బ్రేకు పెట్టె

మొన్న హౌరా దగ్గర సంత్రాగాఛి వెళ్తుంటే, నా టాక్సీ ముందు ఒక జీపు జనరేటరున్న ట్రెయిలర్‌ని లాక్కుంటూ పోతోంది. ఆగినప్పుడల్లా ట్రెయిలర్ వెనక ఎర్రదీపం వెలుగుతోంది. దాటిపోమంటారా అని డ్రైవరు అడిగితే వద్దన్నాను. మా బావ గుర్తొచ్చాడు. ఇల్లు చేరాక కూడా మనసు తేలికపడలేదు.

బావ అంటే మా అక్క భర్త. హౌరాలో ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. పని బెంగాలీ మేస్త్రుల దగ్గర నేర్చుకున్నాడు కాబట్టి తీగల్ని బెంగాలీలో తిట్టేవాడు, ఆదివారం చర్చిలో దేవుణ్ణి తెలుగులో ప్రార్థించేవాడు. ఒకరికి చెప్పాల్సింది ఇంకొకరికి చెప్పనంతవరకు ఫరవాలేదని అక్క అనేది. లాకౌట్ ప్రకటించి ఫ్యాక్టరీ గేటుకు తాళం వేశాక బావకి రెండు భాషల్లోనూ మాట తగ్గిపోయింది. పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్ళేవాడు, మూసిన గేటు ముందు ఎర్రజెండాల కింద కూర్చుని వచ్చేసేవాడు. నేనప్పుడు వాళ్ళింట్లో ఉండి ఉద్యోగం చేసుకునేవాణ్ణి. భోజనాల దగ్గర ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకునేవాళ్ళం కాదు.

కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని రోజులవి. భవానీపూర్‌లో పెళ్ళిళ్ళకు జనరేటర్లు అద్దెకిచ్చే ఒకాయన దగ్గర బావ పిన్నికొడుకు జీపు నడిపేవాడు. ఆ యజమాని పోర్టు వేలంలో ఒక విదేశీ ట్రెయిలర్ కొన్నాడు. దాని చక్రాల్లో కరెంటుతో పనిచేసే బ్రేకులున్నాయి కానీ, జీపులోంచి వాటిని నడిపే పెట్టె లేదు. ఆ తమ్ముడు పిలిస్తే బావ వెళ్ళాడు. పాత సామాన్లతో పెట్టె తానే తయారుచేసి స్టీరింగ్ పక్కన బిగించాడు. వెనక దీపాలకీ బ్రేకులకీ తీగలు లాగాడు.

"పెడలు తొక్కితే ఎనక దీపం ఎలగాల, ఎనక చక్రమూ ఆగాల. నేకపోతే ఆ బరువు జీపుని తోసుకుపోద్ది" అని తమ్ముడికి మళ్ళీమళ్ళీ చెప్పేవాడు. ఇసుక బస్తాలు వేసి వీధిలో నడిపించి, పెట్టె మీది మీటను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కువైతే చక్రాలు బిగుసుకుని ఈడ్చుకుపోయేవి, తక్కువైతే ట్రెయిలర్ జీపుని నెట్టేది. అన్నీ కుదిరిన రోజు ఇంటికొచ్చి అన్నం మారు అడిగాడు. చాలాకాలానికి అడిగాడని అక్క వంటింట్లోకి వెళ్ళి కాసేపు బయటికి రాలేదు.

ఆ వానాకాలంలో ఒక మధ్యాహ్నం పెళ్ళికి జనరేటరు తీసుకెళ్తూ, వంతెన వాలులో జీపు బోల్తాపడింది. వెనకాల బరువు తోసేసిందని చూసినవాళ్ళన్నారు. తమ్ముడు అక్కడే పోయాడు. "తుమి కోరేఛో, తుమి జానో" అన్నాడు యజమాని. చేసింది నువ్వు, నీకే తెలియాలని. బావ మాత్రం తన తీగ అతుకు ఊడిందా, ఇంకెవరైనా దాన్ని కదిపారా, వానకి రోడ్డే జారిందా, అది తెలుసుకుంటే చాలనుకున్నాడు. కానీ ఆ తుక్కుని వెతుక్కుంటూ వెళ్ళేసరికి యజమాని దాన్ని అమ్మేశాడు, కొన్నవాళ్ళు ముక్కలు చేసేశారు. ఆ తర్వాత బావ ఇంట్లో బల్బు కూడా మార్చలేదు. అదీ నేనే మార్చేవాణ్ణి.

చాలా నెలల తరవాత, చనిపోయిన కుర్రాడి తల్లి, బావకి పిన్ని, మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మా ఇంట్లో పంకా ఆగిపోనాది. ఒచ్చి సూడు, నాయనా."

"నన్ను పిలవకు పిన్నీ. నా సేతిలో ఏటి తప్పు జరిగిందో నాకే తెలీదు."

"నాకూ తెలీదు. తెలీనిదాని కోసం మిగిలిన ఒక్క కొడుకునీ ఒగ్గీమంటావేటి?"

బావ లేచి స్క్రూడ్రైవర్ కోసం వెతికాడు. పిన్ని ఇంట్లో బావ ఎక్కిన స్టూలు నేను పట్టుకున్నాను. పంకా తిరిగింది. ఆమె దాని కింద కూర్చుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

బండ్ల పని మాత్రం బావ మళ్ళీ ముట్టుకోలేదు. ఒక గోదాములో కాపలాదారుగా చేరి, అందులోనే ముసలివాడయ్యాడు. ఇప్పుడు బావ లేడు, అక్కా లేదు, ఆ పిన్నీ లేదు. గడిచిన ఇన్నేళ్ళలో తప్పెక్కడ జరిగిందన్న బావ ప్రశ్నకి జవాబైతే దొరకలేదు. దాన్ని అడిగేవాళ్ళు మాత్రం ఒక్కొక్కరే తగ్గిపోయి, చివరికి నేను మిగిలాను.