యూనిఫాం మాత్రం పంపమన్న సారు

నిన్న మా ఊరి బడి హెడ్మాస్టరు ఫోన్ చేశాడు. “పిల్లలకు చదువు ఎట్ల వస్తుందో చూసేదానికి రేపు ఆఫీసరు సార్ వస్తున్నారు. మీ అమ్మాయి రూతుకు చదవడం రాదు గదా, పంపొద్దు. యూనిఫాం మాత్రం పంపించమ్మా, మార్కాపురం కాన్వెంటులో చదివే మా పాప వేసుకుని రూతు బదులు కూర్చుంటది” అన్నాడు.

ఒళ్లు మండింది. “అట్లనే సార్” అన్నాను.

ఈ రోజు యూనిఫాం పంపాను, లోపల రూతు ఉంది. వెనకాలే నేనూ వెళ్లాను.

ఆఫీసరు పుస్తకం ఇస్తే రూతు బిక్కమొహం వేసింది. “మూడో తరగతి కదా, ఎందుకు రాదమ్మా?” అంటే, “మా సారు ఎప్పుడూ చెప్పలేదు సార్” అంది.

ఆయన హెడ్మాస్టరు చేతికి చాక్‌పీసు ఇచ్చి, “ఇప్పుడు చెప్పండి, చూస్తా” అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. హెడ్మాస్టరు చెమటలు తుడుచుకుంటూ చెప్తుంటే నా కడుపు నిండిపోయింది. నా కూతురికి ఆ సారు చెప్పిన మొదటి పాఠం అది.

మీ బడికి ఆఫీసరు ఎప్పుడొస్తున్నాడు? యూనిఫాం ఉతికి పెట్టుకోండి.