బకెట్ తన్నే మావయ్య

మావయ్య నోట్లో ఇంగ్లీషు ఇడియం పడిందంటే దాని పని అయిపోయినట్టే. దాన్ని ఎక్కడ వాడకూడదో సరిగ్గా అక్కడే వాడేవాడు. మేనకోడలు ఆ ఇంట్లో దిగిన మొదటి ఉదయం ఆయన భుజాన తువ్వాలు వేసుకుని, "అయామ్ గోయింగ్ టు కిక్ ద బకెట్" అని ఇల్లంతా వినబడేలా ప్రకటించి స్నానాల గదివైపు నడిచాడు. ఆ మాటకి చచ్చిపోబోతున్నానని అర్థం. టీ తాగుతున్న పిల్లకి పొలమారింది. అత్తయ్య మాత్రం కూరగాయల మీంచి తలెత్తకుండా, "వేడినీళ్ళు తోడి ఉంచాను, వెళ్ళి తన్నండి" అంది.

వాళ్ళమ్మేమో, "మా అన్నయ్యకి ఇంగ్లీషు నీళ్ళప్రాయం" అని చెప్పి పంపింది. తోబుట్టువు మీద ప్రేమ కళ్ళు మూసేస్తుంది కాబోలని పిల్ల సరిపెట్టుకుంది.

ఆమె ఆ ఊరొచ్చింది ఒక హోటల్లో రిసెప్షన్ ఉద్యోగానికి. రాతలో ఆమె ఇంగ్లీషుకి వంక పెట్టడానికి లేదు. చిక్కంతా నోరు విప్పడంలోనే. కాలేజీలో ఒకసారి పక్క అమ్మాయిని పెన్ను అడుగుతూ 'బారో' అనాల్సిన చోట 'లెండ్' అంది. పుచ్చుకోవడం కాస్తా ఇవ్వడమైంది. క్లాసంతా గొల్లుమంది. ఆ రోజునుంచి ఇంగ్లీషు మాట గొంతుదాకా వచ్చి అక్కడే కూలబడిపోయేది. హోటల్ మేనేజరు వారం చూసి ఊరుకున్నాడు. తర్వాత పిలిచి, "కౌంటర్లో బొమ్మని నిలబెట్టాలంటే నాకు జీతం ఖర్చు దేనికమ్మా? నెలాఖరులోగా నోరు పెగలకపోతే లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టుకో" అన్నాడు. పిల్ల ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినలేదు.

ఇంటి కింద వాటాలోనే మావయ్య కళ్ళద్దాల షాపు. సెలవు రోజున పిల్ల అక్కడ కూర్చుంటే, ఇంగ్లీషు టీచరుగా రిటైరైన పెద్దావిడ కొత్త అద్దాలు పెట్టుకుని, చేతికర్ర ఊతంగా మెట్లు దిగుతోంది. మావయ్య చేయి ఊపుతూ, "బ్రేక్ ఎ లెగ్, మేడమ్" అని సాగనంపాడు.

పిల్ల అదిరిపడి, "మావయ్యా, అది నాటకాల వాళ్ళు స్టేజీ ఎక్కేముందు శుభం కోరుతూ చెప్పేమాట. కాలు విరగ్గొట్టుకో అని ఆవిడతోనా అనేది?" అంది.

"అలాగా. మరేమనాలి?"

"టేక్ కేర్ అంటే చాలు."

"సరిగా వినబడలేదు, ఇంకోసారి చెప్పు."

"టేక్ కేర్."

"నా నోరు తిరిగేసరికి ఆవిడ వీధి దాటిపోతుంది. నువ్వే వెళ్ళి చెప్పిరా, తల్లీ."

పిల్ల పరుగెత్తి ఆవిణ్ణి మెట్ల దగ్గర ఆపి, జరిగిన పొరపాటంతా ఇంగ్లీషులోనే వివరించి, జాగ్రత్తలు చెప్పి వచ్చింది. తను మాట్లాడానన్న సంగతి ఆమెకే తోచలేదు. మావయ్య పరువు కాపాడే తొందరలో ఉంది.

ఆ తర్వాత ఆమెకి చేతినిండా పనే. చౌక ఫ్రేము చూపిస్తూ, ఇది మీకు ఒక చెయ్యీ ఒక కాలూ పడుతుందని ఇంగ్లీషులో చెప్పాడు మావయ్య. తక్కువ ధర అని ఆయన ఉద్దేశం, విపరీతమైన ఖరీదని ఆ మాటకి అర్థం. ఆస్తులు అమ్ముకోవాలేమోనని కొనేవాడు ఫ్రేము అక్కడే పెట్టేశాడు. మరోరోజు షాపు ముందు కొత్త బోర్డు వెలిసింది. ప్రతి కస్టమరుకీ 'వియ్ టర్న్ ఎ బ్లైండ్ ఐ' అని దాని మీద ఎర్రక్షరాలు. కస్టమరుని చూసీ చూడనట్టు వదిలేస్తామని కళ్ళద్దాల షాపువాడే రాయించుకుంటే ఇంక చెప్పేదేముంది? పిల్ల తలపట్టుకుంది. రంగులవాణ్ణి పిలిపించి, దగ్గరుండి చెరిపించింది.

పక్కషాపు టైలరు కత్తెర ఆపి, "మీ మావయ్యకి ఈ జబ్బు ఈమధ్యే పట్టుకుందమ్మా" అన్నాడు. పిల్ల ఆ మాట పట్టించుకోలేదు.

ఇంట్లో ఇంత పాఠం చెప్పే మనిషి హోటల్ కౌంటరెక్కితే మళ్ళీ మూగదే. నెలాఖరు రానే వచ్చింది. ఆ ఉదయం ఒక విదేశీ అతిథి ఎర్రబడ్డ కళ్ళతో కౌంటరు మీదికొచ్చాడు. గది పక్కనే లిఫ్టు మోటారట, రాత్రంతా కునుకు లేదట. మేనేజరు వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పిల్ల పెదవులు కదిలాయి కానీ మాట బయటికి రాలేదు. మేనేజరు ముందుకు అడుగు వేశాడు. ఇంక లాండ్రీయే గతి అనుకుంది.

సరిగ్గా అప్పుడే, ఆమె మరిచిపోయిన లంచ్ బాక్సు పట్టుకుని మావయ్య లోపలికొచ్చాడు. అతిథిని ఎగాదిగా చూశాడు. జాలిగా భుజం తట్టి, "సర్, యు లుక్ టయర్డ్. ప్లీజ్ గో అండ్ కిక్ ద బకెట్" అన్నాడు.

అతిథి మొహం కందగడ్డయింది. మేనేజరు కౌంటరు అంచు పట్టుకున్నాడు.

అంతే, పిల్ల నోట ఇంగ్లీషు గట్టు తెగినట్టు వచ్చిపడింది. క్షమించండి సార్, ఈయన మా మావయ్య, వేడినీళ్ళ స్నానం చెయ్యమని ఆయన భావం, మా ఇంట్లో రోజూ ఇదే మాట, ఇప్పటిదాకా ఎవరూ పోలేదు, మీ స్నానం అయ్యేలోపు వెనకవైపు నిశ్శబ్దంగా ఉండే గది సిద్ధం చేయిస్తాను, సామాను మేమే చేరుస్తాం అని ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. అతిథి ఆమెనీ మావయ్యనీ మార్చిమార్చి చూసి పెద్దగా నవ్వాడు. ఈ నవ్వుకి ఆమె గొంతు మూతపడలేదు. మేనేజరు గొంతు సవరించుకుని, "దుప్పట్లకి వేరే మనిషిని చూసుకుంటాలే" అన్నాడు.

మర్నాడు డ్యూటీ దిగి వచ్చేసరికి ఆ అతిథే మావయ్య షాపులో కూర్చుని ఉన్నాడు. కళ్ళద్దాల స్క్రూ ఊడిందట. పిల్ల గుమ్మం బయటే ఆగిపోయింది. లోపల మావయ్య కడిగిన ముత్యం లాంటి ఇంగ్లీషు మాట్లాడుతున్నాడు. తలనొప్పి తరచూ వస్తుంటే చూసీ చూడనట్టు వదిలెయ్యొద్దని 'బ్లైండ్ ఐ' అన్న మాటనే పొల్లుపోకుండా వాడి సలహా ఇస్తున్నాడు. "మరి నిన్న హోటల్లో ఏమైంది?" అని అతిథి అడిగాడు. "మా పిల్ల నోరు విప్పాలంటే ఎవరో ఒకరు ముందు నవ్వులపాలవ్వాలి కదండీ. మీకు ఇబ్బంది కలిగించాను. ఈ స్క్రూకి డబ్బులొద్దు" అన్నాడు మావయ్య, ఇంగ్లీషులోనే.

పిల్ల చప్పుడు చెయ్యకుండా మేడెక్కి అత్తయ్య పక్కన కూలబడింది. తనే ఆయనకి పాఠాలు చెబుతున్నానని నెలంతా గర్వపడింది. ఇప్పుడు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ ముద్దొచ్చాడు మావయ్య.

"నీకు ముందే తెలుసా అత్తయ్యా?"

"తెలియకేం? నీ భయం సంగతి మీ అమ్మ ముందే ఫోన్లో చెప్పింది. పెళ్ళయిన కొత్తలో నాకు సైకిలు నేర్పారు. పడతానని నాకు చచ్చేంత భయం. రోజూ వీధి మధ్యలో ముందు ఆయనే దబ్బున పడేవారు. జనమంతా ఆయన్ని చూసి నవ్వుతుంటే నేను తొక్కుకుంటూ పోయేదాన్ని. ఆ మోకాళ్ళు చూడు, ఇప్పటికీ మచ్చలే."

"అన్నిసార్లూ కావాలనే పడ్డాడా?"

అత్తయ్య చేతిలో కూరగాయ పక్కన పెట్టింది.

"అదే ఇన్నేళ్ళుగా నాకూ తేలనిది. సైకిలు తొక్కడం మాత్రం ఆయనకి ఇప్పటికీ రాదు."