డేవిడ్‌రాజు అప్‌గ్రేడ్ చేయనివ్వడు

డేవిడ్‌రాజు మాస్టారు దారిన పోయే ఎవరినైనా నమ్ముతారు గానీ, కంప్యూటర్లోకి వచ్చే ప్యాకేజీని మాత్రం చచ్చినా నమ్మరు. పాతపట్నం బస్టాండు వెనక ఆయన కంప్యూటర్ సెంటరులో ఉన్నవన్నీ ఏదో కాలేజీ వదిలించుకున్న ముసలి మిషన్లు. వాటికి బరువు కాకుండా విండోస్ బదులు చిన్న లినక్స్ ఎక్కించారు. అందులో ఏ కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టబోయినా, దాని వెంట ఇంకా ఎవరెవరు వస్తారో పేర్లు చెప్పి, సరేనా కాదా అని అడుగుతుంది. అక్కడ మాస్టారు కళ్ళజోడు సవరించుకుంటారు.

"పిలిసింది ఒకడిని. ఈళ్ళంతా ఎవుళ్రా? ఏ ఊరోళ్ళు?"

వీళ్ళు లేకపోతే అది నడవదని త్రినాథ్ చెప్పేవాడు. డిగ్రీ మధ్యలో వదిలేసి సెంటరులో పనికి కుదిరిన త్రినాథ్‌కి ఓపిక తక్కువ. మాస్టారు పెళ్ళిసంబంధం వాకబు చేసినట్టు ఒక్కో పేరూ చదివించేవారు. ఓసారి తెలుగు ఫాంటు వెంట నెట్‌వర్కు ప్యాకేజీ ఒకటి రాబోయింది. అక్షరానికి ఊళ్ళు తిరిగే పనేమిటని నిలదీసి, కాదు నొక్కేశారు.

ఇంతవరకూ నవ్వులాటే. ఈమధ్య ఆన్‌లైన్ మాక్ టెస్టుల సైటు పాత బ్రౌజరులో తెరుచుకోవడం మానేసింది. కుర్రాళ్ళు ఒక్కొక్కరే ఎదుటి ఇంటర్నెట్ షాపుకి జారుకుంటున్నారు. త్రినాథ్ బతిమాలాడు, దెబ్బలాడాడు. కొత్త బ్రౌజరు వెంట కొత్త సౌండు ప్యాకేజీ వస్తుందని తెలియగానే మాస్టారు స్క్రీనుకి అడ్డంగా నిలబడ్డారు. సౌండంటే ఈయనకి అంత భయమెందుకు? ఎదుటి షాపువాడితో లాలూచీ పడ్డారేమోనని కూడా త్రినాథ్‌కి అనుమానం వచ్చింది.

మాస్టారు శ్రీకాకుళం వెళ్ళిన పొద్దున్నే త్రినాథ్ అన్ని మిషన్లలోనూ సరే కొట్టేశాడు. కొత్త సౌండు వస్తూనే పాతదాన్నీ, దాన్ని పట్టుకు బతుకుతున్న ఇంకో చిన్న ప్యాకేజీనీ గెంటేసింది. ఆ ముక్క స్క్రీను మీద పడింది కూడా. త్రినాథ్ చదవలేదు.

మధ్యాహ్నం లీలారాణి వచ్చింది. ఆమెకి చూపు లేదు. స్క్రీను మీది తెలుగుని కంప్యూటర్ పైకి చదువుతుంటే విని, బ్యాంకు పరీక్షకి రోజూ అక్కడే తయారవుతోంది. ఖాళీ కుర్చీ తడిమి కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకుంది. పక్క కుర్చీకి మారింది. ఇంకో కుర్చీకి మారింది.

"త్రినాథ్, ఇయాల అన్నీ మూగబోయాయేటి? పరీక్ష దగ్గరికొచ్చేసింది."

అప్పుడే బస్సు దిగి వచ్చిన మాస్టారికి గుమ్మంలోనే సంగతి అర్థమైపోయింది. కరెంటు తిన్నగా లేదని చెప్పి, ఆమెని పక్కనే ఉన్న దేముడమ్మ టీకొట్టుకి పంపారు. దేముడమ్మ కబుర్లు ఓ పట్టాన తెమలవు. తర్వాత త్రినాథ్ వైపు తిరిగారు.

"ఆ తెలుగు సదివే గొంతు కొత్త సౌండుతో పలకదురా. ఇంటికాడ ఓ మిషను మీద ఏసి సూసినాను."

"అయితే ఆ అక్కకి ఓ మిషను ఒగ్గేసి, మిగతావి మార్సీయొచ్చు కదా?"

"మొదటిరోజే సెప్పీసింది. నాకని ఓ మూల పెట్టొద్దు, అందరిలాగే ఖాళీ ఉన్నకాడ కూకుంటానని. తనవల్ల కుర్రోళ్ళు పోతన్నారని తెలిస్తే రేపట్నించి ఇటు రాదు. అందుకే నాను అనుమానం మనిషినయిపోనాను. మొదట్లో కట్టంగా ఉండీది. తరవాత సరదా పుట్టీసింది."

త్రినాథ్ కీబోర్డు ముందు కూర్చున్నాడు. మాస్టారు దేన్నీ పారేసే రకం కాదు గనక పాత ప్యాకేజీలన్నీ పెన్‌డ్రైవులో ఉన్నాయి. గొంతు తిరిగొచ్చింది. కావలసినవన్నీ తన మూటలోనే కట్టుకొచ్చి, సిస్టంలో దేన్నీ ముట్టుకోని బ్రౌజరు ఒకదాన్ని కూడా త్రినాథ్ వెతికి పెట్టాడు. మాక్ టెస్టుల సైటు తెరుచుకుంది. మాస్టారు దాన్ని ఎగాదిగా చూశారు.

"బియ్యం, పొయ్యి తనే తెచ్చుకున్న సుట్టాన్ని నానెక్కడా సూడనేదు. ఈడి మీద ఓ కన్నేసి ఉంచు."

లీలారాణి వచ్చి, చేతికి తగిలిన కుర్చీలో కూర్చుంది. గొంతు పలికింది. ఆమె హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి జరిపింది.

"అన్నయ్యా, కరెంటు తిన్నగా లేకపోయినా మీ ఫ్యాను భలే తిరిగిందండి."

మాస్టారు తలెత్తి ఫ్యాను వైపు అనుమానంగా చూశారు.