మున్షీగారి కూతురు తెచ్చిన పుస్తకం

మొన్న మధ్యాహ్నం నడవలో కూర్చుని విత్తనానికి శనక్కాయలు ఒలుస్తూ ఉంటే మా మనవరాలు ఫోనుకు ఒక వీడియో పంపింది. చేతిలో పని ఉండగా ఫోను ముట్టే అలవాటు నాకు లేదు, ఇంట్లో ఎవరినీ ముట్టనివ్వను కూడా. అయినా ఆ పిల్ల దేశం కాని దేశంలో ఉన్నది గనక చేట పక్కన పెట్టి చూశాను. మట్టిగోడల ఇల్లు, వాకిట్లో కుప్పపోసిన మల్బరీ కొమ్మలు, తలకు పూలగుడ్డ కట్టుకున్న ఒక ముసలామె, ఆమె వెనక గదిలో వరసగా బల్లల మీద ఆకు మేస్తున్న పట్టుపురుగులు. నా కళ్లకు బొమ్మ సరిగా ఆనలేదు గానీ చప్పుడు మాత్రం తెలిసింది. ఆకుల మీద సన్నటి వాన పడుతున్నట్టుండే ఆ మేత చప్పుడు ఎట్లాంటిదో, పురుగులు పెంచిన ఇళ్లలో కాపురం చేసిన మన ఈడు ఆడవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఎన్నో ఏళ్లకు విన్నాను. విన్నాక మళ్లీ చేట ముందుకు లాక్కోబుద్ధి కాలేదు.

ఈ పిల్ల మా కూతురి కూతురు. ధర్మవరంలో పుట్టి పెరిగింది. ఇప్పుడు హైదరాబాదులో పారసీ భాష చదువుతూ ఉన్నది. వాళ్ల తరగతి పిల్లలను పంతులమ్మతో పాటు తజికిస్తాన్ అనే దేశానికి రెండు నెలలు పంపించారు. అక్కడి ఇళ్లలో ఉండి వాళ్ల మాట, వాళ్ల మర్యాద, వాళ్ల తిండీ తీరూ నేర్చుకుని రావడమే వీళ్ల చదువట. ఈ ప్రయాణం నాకు ససేమిరా ఇష్టం లేదు. మగ్గాల ఊళ్లో పుట్టిన పిల్లకు పారసీ ఎందుకని ధర్మవరం స్టేషనులో రైలు కదిలేదాకా సణుగుతూనే ఉన్నాను. ఆమె నేను కట్టిచ్చిన శనగపప్పు పొడి డబ్బా ఒళ్లో పెట్టుకుని, "మొదటి అక్షరాలు నేర్పించింది నువ్వే గదవ్వా, ఇప్పుడు తిడతాండావే?" అన్నది. ఆ మాట నిజమే. చిన్నప్పుడు ఆ పిల్ల అన్నం తినకుండా మారాం చేస్తే, నేను వాకిట్లో మట్టి మీద వేలితో అలిఫ్, బే, పే అని గీసి చూపించేదాన్ని. అంతకు మించి నాకు రాదు. ఆ మూడూ నాకు ఎట్లా వచ్చాయో మాత్రం ఎవరికీ ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

మా పుట్టినిల్లు పెనుకొండ. కొండ కింద ఉండే మా చేనికి సంబంధించిన పాత కాగితాలు కొన్ని పారసీలో ఉండేవి. అవి చదవగలిగిన మనిషి ఊళ్లో ఒక్కడే, మా వెనక వీధి ముసలి మున్షీగారు. ఆ కాగితాలు చదివి పెట్టినందుకు ఆయన డబ్బు పుచ్చుకోలేదని, మా నాయన రోజూ అరశేరు పాలు ఆ ఇంటికి పంపేవాడు. పాలచెంబు మోసేది నేను. మూడో తరగతి కాగానే నన్ను బడి మాన్పించి తమ్ముడిని నా చంకకెత్తారు. అందుకని పొద్దున్నే ఆ చెంబు పట్టుకుని పోయే ఆ కాసేపే నాకు బడి. మున్షీగారు పంచలో చాప వేసి తన కూతురికి పలక మీద పారసీ అక్షరాలు దిద్దించేవాడు. ఆ పిల్ల నా ఈడుదే. పాలు వాళ్ల గిన్నెలోకి వంచేసి, చెంబు కడిగే వంకతో నేనూ చాప అంచున కూర్చునేదాన్ని. మున్షీగారు పలకను కాస్త నా వైపుకు జరిపేవాడు. అంతే.

తన తాతల తాతలు గుర్రాల మీద బయలుదేరి వచ్చిన దేశంలో ఈ భాషనే మాట్లాడతారని, అక్కడ కొండల మీద మంచు ఉంటుందని, ఆపిలు పండ్లు చెట్ల కింద రాలి ఉంటాయని ఆయన చెప్పేవాడు. మంచు అంటే ఏమిటో మాకు తెలియదు. అయినా పెద్దయ్యాక ఇద్దరం కలిసి అక్కడికి పోవాలని అనుకున్నాం. పెనుకొండ స్టేషనులో రైలెక్కితే అది తిన్నగా అక్కడికే పోతుందని నా నమ్మకం. ఆయన దగ్గర చేత్తో రాసుకున్న లావుపాటి పుస్తకం ఒకటుండేది. ఆకుపచ్చ గుడ్డలో చుట్టి గూట్లో పెట్టేవాడు. ఒకరోజు ఆయన నమాజుకు పోయినప్పుడు మేమిద్దరం దాన్ని దించి, చివరి పేజీలో ఆయన కలంతోనే మా ఇద్దరి పేర్లూ రాశాం. నా పేరులోని అక్షరాలను ఆ పిల్లే నా చెయ్యి పట్టుకుని రాయించింది. ఆయన తిరిగి వచ్చి చూసి, కోప్పడతాడని మేము బిగుసుకుపోయి నిలబడితే, ఇంకా ఆరని సిరా మీద మెల్లగా ఊది, గుడ్డ చుట్టి మళ్లీ గూట్లో పెట్టాడు.

పెళ్లయి నేను హిందూపురం దోవలో ఉన్న పల్లెకు వచ్చాను. ఆమె పెళ్లయినా పెనుకొండలోనే, తండ్రి ఇంట్లోనే ఉండిపోయింది. భర్త ఒక కొడుకును మిగిల్చి తొందరగా పోయాడు, ఆ తర్వాత కొన్నాళ్లకు మున్షీగారూ పోయాడు. నేను ఏడాదికి ఒకటి రెండుసార్లు పుట్టింటికి పోయినప్పుడు ఆ పంచలో కాసేపు కూర్చునేదాన్ని. తర్వాత మేము పట్టుపురుగుల పనిలో పడ్డాక అదీ తగ్గిపోయింది.

పురుగుల పని అంటే ఇంట్లో పసిబిడ్డను పెట్టుకున్నట్టే. ఇల్లు వాటిది, మనం వసారాలో. పోపు పెట్టకూడదు, ఊదుబత్తి వెలిగించకూడదు, తలకు వాసన నూనె రాయకూడదు, బయటి మనిషి గడప దాటకూడదు. ఊజీ ఈగ ఒకటి దూరిందంటే పురుగు ఒంటి మీద గుడ్డు పెట్టి పంటంతా పాడు చేస్తుందని కిటికీలకు గుడ్డలు కట్టేవాళ్లం. ఒక ఏడు పెళ్లికి పిలవడానికి వచ్చిన చుట్టాలను మొహమాటానికి లోపలికి రానిచ్చాను. వారం తిరగకుండానే తట్టలకు తట్టలు పురుగు నల్లబడి చచ్చింది. ఆ తర్వాతి పంటా పోయింది. చచ్చిన పురుగులను మా ఆయన గుంట తీసి పూడుస్తూ నా వైపు చూడలేదు. అప్పటినుంచి నేను గడప దగ్గర కుక్క కాపలాగా ఉండేదాన్ని. సొంత తమ్ముడిని కూడా వాకిట్లోనుంచే పంపేశాను.

మూడో పంట చేతికొచ్చింది. పురుగులు కుబుసం విడిచే నాలుగో జ్వరం నుంచి లేచి, ఆకు తిని తిని, పండి బంగారు రంగుకు తిరిగాయి. పండిన పురుగును పూటలోపల ఏరి చంద్రికల మీద, అంటే గూడు కట్టుకునే వెదురు చుట్టల మీద, వెయ్యకపోతే ఉన్నచోటే దారం కక్కేస్తుంది. ఆ పొద్దు నేనూ మా ఆయనా తల ఎత్తకుండా ఏరుతూ ఉంటే గుప్పున అత్తరు వాసన వచ్చింది. కిటికీ గుడ్డ కొంచెం తొలగించి చూస్తే వాకిట్లో మున్షీగారి కూతురు, చంకలో ఆకుపచ్చ గుడ్డ మూట.

"ఆడ్నే నిలబడు! గడప దాటొద్దు!" అని అరిచాను.

ఆమె నవ్వింది. "ఏమ్మే, బస్సు దిగి ఇంత దూరం నడిచొచ్చింటే కిటికీలోనుంచి మాట్లాడతాండావు? నేనేమన్నా ఊజీ ఈగనా?"

"ఈగన్నా మేలు. ఏం పూసుకోనొచ్చినావే తల్లీ, పురుగులు పండి ఉండాయి."

"మా అబ్బా పుస్తకం తెచ్చినా. నీ దగ్గర పెట్టుకుంటావని."

"గోడ మీద పెట్టిపో. చంద్రికలెక్కించినాక తీసుకుంటా."

ఆమె గోడ వైపు ఒకసారి చూసి, మూటను ఇంకొంచెం దగ్గరికి అదుముకుంది. "గోడ మీద పెట్టేది కాదులే ఇది. నీ చేతికే ఇస్తా."

"అట్లయితే వారం తాళి రా."

"వారమా," అన్నది. తర్వాత, "సరేలే. నీ పురుగులు బాగా గూళ్లు కట్టనీ," అని వెనక్కి తిరిగింది. మంచినీళ్లు అడగలేదు, నేను ఇవ్వలేదు. మా ఆయన పిలుస్తున్నాడని కిటికీ గుడ్డ వేసేశాను. ఆమె ఎప్పుడూ అత్తరు పూసుకునే మనిషి కాదు గదా, ఈ రోజెందుకు పూసుకున్నదని నాకు ఒక్క క్షణం కూడా తోచలేదు.

ఆ పంట బ్రహ్మాండంగా వచ్చింది. హిందూపురం గూళ్ల మార్కెట్లో మా గూళ్లను చేతిలోకి తీసుకుని మెచ్చుకోని వ్యాపారి లేడు. ఆ దుడ్లతోనే ఇప్పుడు నా తల మీద ఉన్న ఈ రేకులు వేయించాం. తిరిగొస్తూ, జన్మలో ఎన్నడూ కొననిదాన్ని, పావుకిలో మిఠాయి కొనుక్కుని పెనుకొండకు పోయాను. మున్షీగారి ఇంటికి తాళం వేసి ఉన్నది. పక్కింటామె చెప్పింది. నెలల తరబడి ఒంట్లో బాగాలేదట, వైద్యానికి కొడుకు బళ్లారికి తీసుకుపోయాడట, మళ్లీ వస్తుందన్న నమ్మకం ఎవరికీ లేదట. బళ్లారికి పోయే రోజు కావలసినవాళ్లను చూసి వస్తానని బయలుదేరితే, ప్రయాణమై పోయే మనిషి అని తోడుగా వచ్చిన వదినె ఆమె చీరకొంగుకు అత్తరు పూసి పంపించిందట. ఆ ఒక్క రోజు ఆమె చూడాలనుకున్న వాళ్లలో నేనొకదాన్ని. మిఠాయి పొట్లం ఆ పక్కింటామె పిల్లల చేతిలో పెట్టి వచ్చేశాను.

వానలు పడకముందే ఆమె పోయిందని తెలిసింది. తర్వాత ఇల్లు అమ్మడానికి వచ్చిన కొడుకును వెతుక్కుంటూ పోయి పుస్తకం సంగతి అడిగాను. ఆ అబ్బాయి మర్యాదస్తుడు. చదివేవాళ్లు లేని రాతను చెత్తలో వెయ్యకూడదు, కాళ్ల కింద పడనివ్వకూడదు, నీళ్లకు అప్పగించడం తమ ఆచారమని, అత్తగారి ఊరు బుక్కపట్నం గనక ఆ చెరువు నడిమికి తెప్ప మీద పోయి, గుడ్డతో సహా నీళ్లలో వదిలానని చెప్పాడు. అడిగే మనిషి ఒకరు ఉన్నారని తెలిస్తే దాచిపెట్టేవాణ్ణే పెద్దమ్మా అన్నాడు. అతన్ని ఏమనగలను? తల ఊపి వచ్చేశాను.

నిన్న పొద్దున మనవరాలు ఫోను చేసింది. వీడియో గడప అవతల నిలబడి తీసిందట.

"అవ్వా, ఈ యమ్మ అచ్చం నీ మాదిరే ఉండాది. నేను మొగానికి వాసన క్రీము పూసుకున్నానని పురుగుల గదిలోకి రానీలే. చెయ్యి అడ్డం పెట్టి ఆడ్నే నిలబెట్టింది!"

"మంచి పని చేసింది," అన్నాను. "తర్వాత?"

తర్వాత ఆమె చేతులు కడుక్కుని తానే బయటికి వచ్చిందట. గడప మీద బొంత పరిచి ఈ పిల్లను కూర్చోబెట్టుకుని, రొట్టె తుంచి పెట్టి, టీ పోసి ఇచ్చిందట. కోడలు లోపలినుంచి ఆకు అయిపోయిందని కేకలు వేస్తున్నా, వస్తాలే అని కూర్చునే ఉన్నదట. వాళ్లు మాట్లాడేది పారసీయే గానీ, రాసేది రష్యావాళ్ల అక్షరాలతోనట. అందుకని తన తండ్రి వదిలిపోయిన పాత పుస్తకం ఆ ఇంట్లో ఎవరికీ చదవరాదట. ఈ పిల్లకు ఆ అక్షరాలు వచ్చునని తెలిసి, గుడ్డలో చుట్టిన ఆ పుస్తకం తెచ్చి ఒళ్లో పెట్టిందట. మా పిల్ల కూడబలుక్కుంటూ ఒక పేజీ చదివితే, ఆమె ఆ కాగితం మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు తియ్యలేదట. ఇదంతా మనవరాలు సంబరంగా చెబుతూనే ఉన్నది. నేను ఊ కొడుతూనే ఉన్నాను.

మున్షీగారి కూతురు లోపలికి రాకూడదనే నియమం ఉండింది. నేను బయటికి పోకూడదని ఏ నియమమూ లేదు. చేతులు కడుక్కుంటే పోయేదానికి ఇన్నేళ్లు పురుగుల మీద నెట్టి బతికాను.

ఇప్పుడు పురుగులు పెంచేవాళ్లు చేలల్లో వేరే షెడ్లు కట్టుకున్నారు, ఇళ్లలో ఆ గొడవ లేదు. మా ఇంట్లో ఆ పనే లేదు. పోపు పెట్టుకోవచ్చు, ఊదుబత్తి వెలిగించుకోవచ్చు, తలుపులు బార్లా తెరిచి ఉంటాయి. గడప దాటడానికి వచ్చే నా ఈడు మనిషే లేదు. మున్షీగారి పంచలో ఫోన్లు బాగుచేసే అంగడి పెట్టారు. మేమిద్దరం పెనుకొండ స్టేషనులో రైలెక్కి పోదామనుకున్న దేశానికి నా మనవరాలు ఆకాశంలో పోయి ఆపిలు చెట్ల కింద కూర్చుంటున్నది.

వచ్చేటప్పుడు ఏం తెమ్మంటావని అడిగింది. ఎప్పుడూ అనే మాటే, దుడ్లు దండగ చెయ్యొద్దు అన్నాను. ఫోను పెట్టబోతూ ఉంటే ఆగమని చెప్పి, "ఆ యమ్మ మళ్లా గడప మీద కూకుంటే, నువ్వు గబుక్కున లేసి రావొద్దు. ఇంకొంచెం సేపు కూకో," అన్నాను. పనివేళ ఎవరినీ ఊరికే కూర్చోనివ్వని అవ్వ ఈ మాట అన్నదేమిటని కాబోలు, ఆ పిల్ల "ఏమన్నావవ్వా?" అని మళ్లా అడిగింది.

ఫోను పెట్టాక వాకిట్లోకి వచ్చి, మట్టి చదును చేసి, వేలితో మున్షీగారి కూతురి పేరు రాద్దామని కూర్చున్నాను. అలిఫ్ వచ్చింది. బే వచ్చింది. పే వచ్చింది. ఆమె పేరుకు కావలసిన అక్షరం ఆ మూడింటిలో లేదు.