అటక మీద తాతగారు

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది, నలుగురూ ఒకే మాట అంటే అది నిజమై తీరుతుందని. ఆ నలుగురూ ఒకే కాలవ నీళ్లు తాగి పెరిగినవాళ్లన్న సంగతి తట్టేది కాదు. మీసాలింకా కుదురుకోని వయసులో అంబాజీపేటలో ఓ ట్యుటోరియల్‌కి నన్ను ఇన్‌చార్జిని చేసేశారు (ఇంకెవరూ ఒప్పుకోలేదని తర్వాత తెలిసింది). పాత పెంకుటిల్లు. ముందు గదులు మావి, వెనక వాటా ఇంటివాళ్లది, మా పదో తరగతి నెత్తిన వాళ్ల కొబ్బరికాయల అటక. ఇంటి తాతగారు రోజూ మధ్యాహ్నం భోంచేసి నిచ్చెనెక్కి, ఒక్కో కాయా చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూసేవారు. లోపల కొబ్బరి ఎండి, గుండులా విడిపోయి గుడగుడమంటే కురిడీ అయినట్టు. ఆ వేసవిలో తాతగారు పోయారు.

పెద్దకర్మ అయిన కొన్నాళ్లకి, సరిగ్గా ఆయన ఎక్కే వేళకే, అటక మీద గుడగుడ మొదలైంది. పిల్లలు బిక్కచచ్చిపోయారు. నేను ధైర్యం నటిస్తూ నిచ్చెనెక్కాను. మనిషి లేడు. వరసలు ఎక్కడా చెదరలేదు. చప్పుడు మాత్రం నా చుట్టూ ఉంది. ఎలా దిగానో నాకు గుర్తులేదు (పిల్లలకి బాగా గుర్తుంది). రోజూ అదే వరస. ఇద్దరు తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేస్తే స్టాఫ్ మీటింగు పెట్టాను. "కాయ దానంతటది ఆడదండీ, చెయ్యి ఉండాల్సిందే," అన్నారు తెలుగు మేష్టారు. "ఆయ్," అని తలూపారు చర్చిలో క్వయిరు నడిపే ఇంగ్లీషు మేడమ్. సైన్సు మేష్టారు కూడా "ఆయ్" అనేసి కిటికీలోంచి చూడ్డం మొదలెట్టారు. ఇంకేం, కాయలన్నీ దింపించి అమ్మించేయాలని తీర్మానించాను. అనంతపురం నుంచి కొత్తగా వచ్చిన లెక్కల మేడమ్ మాత్రం, "ఆయన ఒక్కో కాయే కదా సార్ ఆడించేది? ఇప్పుడు అన్నీ ఒకేసారి మోగుతుండాయే?" అంది. "ఇక్కడి సంగతులు మీకు తెలీవు లెండి," అని నవ్వేశాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

వెనక వాటాలో మామ్మగారికి చెప్పడానికి వెళ్లాను. "ఆయన చేత్తో పేర్చిన ఆఖరి కాయలు బాబూ. కురిడీ అయ్యేదాకా కదపొద్దన్నారు," అని, వెంటనే సర్దుకుని, "మీకు ఇబ్బందయితే దింపించేయండి, ఏముంది," అన్నారు. తిట్టినా బాగుండేది. రేపు చూద్దామండీ అనేసి వచ్చేశాను.

మర్నాడు గుడగుడ మొదలవగానే లెక్కల మేడమ్ వెనక గోడ మీద అరచెయ్యి ఆనించి నన్ను పిలిచింది. నేనూ ఆనించాను. గోడ వణుకుతోంది. అవతల, రోజూ ఆ వేళకే వచ్చే పక్క కొబ్బరి కొట్టువాళ్ల లారీ గోడని ఆనుకుని, ఇంజను ఆపకుండా కాయల లోడు ఎక్కించుకుంటోంది. పుట్టినప్పటినుంచీ లారీల మధ్య పెరిగినవాళ్లం, ఆ మోత మా చెవులకి ఎక్కడమే మానేసింది. నెల క్రితం ఇంకా తడి ఆరని కాయలు ఎండి విడిపోవడం మొదలెట్టాయి కనక ఇప్పుడు మోగుతున్నాయి, అంతే. లారీని అవతలికి పెట్టించాం. చప్పుడు ఆగింది. కాయలు అటక మీదే ఉండిపోయాయి.

ఆ తర్వాతో ఆదివారం మధ్యాహ్నం లెక్కల మేడమూ నేనూ పేపర్లు దిద్దుతున్నాం. లారీలు లేవు, గాలి కూడా లేదు. అటక మీద ఒక్క కాయ గుడగుడమంది. ఆగింది. ఓ మనిషి చెయ్యి చాపి ఇంకోటి అందుకునేంతసేపటికి, మరో కాయ.

మేడమ్ చేతిలో ఎర్ర పెన్ను ఆగిపోయింది. "ఈసారి ఒక్కొక్కటే సార్," అంది మెల్లిగా.

మామ్మగారికి చెబితే, "ఆయ్, ఇంకా చూసుకోవాల్సినవి ఉన్నాయి కాబోలు," అని మా ఇద్దరికీ కాఫీ ఇచ్చారు.

ఇప్పుడు నేనో కాలేజీకి ప్రిన్సిపాల్‌ని. మీటింగులో అందరూ ఒక్కసారే తలూపితే, కొత్తగా వచ్చినవాళ్లెవరా అని వెతికి మరీ అడుగుతాను. నన్ను తెలివైనవాణ్ణనుకుంటారు. అప్పుడు మాత్రం ఆ నిచ్చెన మీంచి దూకిన కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను, ఓసారి పైకప్పు వంక చూసి.