పొలమారని అత్త

మా మేనత్తను బట్టలు కుట్టే కార్ఖానాలో అందరూ దగ్గత్త అనేవాళ్ళు. ఆమెకు జబ్బేమీ లేదు. మేడ మీద పొడవాటి గది, గది నిండా కుట్టుమిషన్లు, తలుపు పక్కన ఆమె బల్ల. చొక్కాలకు కాజాలు కుట్టడం ఆమె పని. మెట్ల మీద ఓనరు చెప్పుల చప్పుడు వినబడగానే ఒక దగ్గు దగ్గేది. కబుర్లు ఆగిపోయేవి. బల్ల మీద తల వాల్చి కునుకు తీస్తున్నవాళ్ళ కాళ్ళు కూడా పెడల్ మీదికి వచ్చేవి. ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి మిషన్ల మోత తప్ప మరో చప్పుడు ఉండేది కాదు. అదే గదిలో కాలర్లు కుట్టినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ దగ్గే లేకపోతే మాలో సగంమందికి ఉద్యోగాలు ఉండేవి కావు.

పాపం, ఓనరు దాన్ని నిజం దగ్గనే నమ్మాడు. అప్పుడప్పుడు దగ్గుమందు సీసా తెచ్చి ఇచ్చేవాడు. అత్త రెండు చేతులా అందుకుని, ఆయన ఎదుటే ఓ మూతెడు తాగి, మొహం వికారంగా పెట్టేది. అంత నటన మేం ఎక్కడా చూడలేదు.

పెళ్ళయిన కొత్తలోనే మొగుడు వదిలేసి పోతే, పోయినవాడి కోసం ఏడవడానికి తీరికెక్కడిదని మర్నాడే పనిలోకి వెళ్ళిన మనిషి ఆమె. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటుంది. ఆ మొండితనంతో నేను తిన్న తిట్లకు లెక్కలేదు. మా అమ్మ పోయాక నన్ను పెంచింది కూడా ఆ మొండితనమే.

ఒక ఉదయం సూదిలోకి దారం ఎక్కిస్తూ ఎక్కిస్తూ బల్ల మీదికి ఒరిగిపోయింది. మెదడు అడుగుభాగానికి రక్తం అందలేదని, స్ట్రోక్ అని ఆసుపత్రిలో చెప్పారు. కాళ్ళూ చేతులూ మెల్లగా స్వాధీనంలోకి వచ్చాయి. గొంతు మాత్రం బొంగురుపోయింది. దాహమంటే నీళ్ళిచ్చారు. గడగడా తాగేసింది. ఒక్కసారి కూడా పొలమారలేదు. గండం గడిచిందనుకుని అందరం ఊపిరి పీల్చుకున్నాం. మర్నాటికి ఒళ్ళు కాలిపోయే జ్వరం, ఊపిరితిత్తుల్లో నెమ్ము.

పొలమారకపోవడమే ప్రమాదమని నరాల డాక్టరు చెప్పేదాకా మాకు తెలియలేదు. గొంతులోనూ ఊపిరి గొట్టంలోనూ సన్నని నరాల కొసలు కాపలా ఉంటాయట. నీటిచుక్క దారి తప్పితే అవి మెదడు అడుగుకు కబురు పెడతాయి. అక్కణ్ణుంచి వెంటనే ఆజ్ఞ వస్తుంది. గుండెల నిండా గాలి, గొంతు గట్టిగా మూత, పొట్ట కండరాల బిగింపు, ఆపైన మూత తెరుచుకుని గాలి విసురుగా బయటికి. మన ప్రమేయం లేకుండానే దగ్గు వచ్చేస్తుంది. అత్త గొంతులో ఆ కబురే ఆగిపోయింది. తాగిన నీళ్ళలో కొన్ని చడీచప్పుడూ లేకుండా ఊపిరితిత్తుల్లోకి జారుతున్నాయి.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటారు. వార్డు బయట కార్ఖానా అంతా కూర్చుని ఆమెనే తలుచుకుంటున్నాం. ఆమెకు పొలమారడం లేదు. నాకు దేవుడి మీదా డాక్టరు మీదా ఒకేసారి కోపం వచ్చింది.

ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోశారు. ఎంతకీ గొంతు తేరుకోకపోతే పొట్టకు రంధ్రం చేసి అక్కడ గొట్టం అమర్చాలన్నాడు డాక్టరు. ఇక జన్మలో నోటితో టీ చుక్క తాగకూడదు. అత్త మంచం మీద లేచి కూర్చుంది. తనకు దగ్గు రాదని అన్నవాడెవడో వచ్చి పరీక్ష చెయ్యమంది.

ఆ పరీక్ష ఉండనే ఉంది. మూతికి మాస్కు పెట్టి పుల్లని మందు తుంపర వదులుతారు. నరాలు పనిచేస్తుంటే దగ్గు ఆగదు. డాక్టరు మాస్కు పెట్టి మీట నొక్కాడో లేదో, అత్త గది అదిరేలా దగ్గింది. నేను చప్పట్లు కొట్టబోయాను. డాక్టరు మాత్రం నవ్వలేదు. అది పుల్లమందు కాదట. మొదట ఉత్త ఉప్పునీటి తుంపర వదలడం వాళ్ళ పద్ధతట, దానికి ఎవరికీ దగ్గు రాదట. ఇన్నేళ్ళూ ఓనర్ని నమ్మించిన అత్త తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. తర్వాత అసలు మందు వదిలారు. తేడా తెలియని అత్త దగ్గకుండా మాస్కు వైపు చూస్తూ ఉండిపోయింది.

డాక్టరు మాస్కు తీస్తుంటే అత్త ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఇందాక నేను దగ్గింది దగ్గు కాదా బాబూ?"

దగ్గేనన్నాడు ఆయన. కావాలని దగ్గడానికి పైమెదడు నుంచి దారి వేరే ఉందని, ఆమెకు అది బాగానే ఉందని చెప్పాడు. కానీ నీళ్ళు దారి తప్పిన సంగతే తెలియని మనిషి ఎప్పుడు దగ్గాలో ఎలా తెలుసుకుంటుందని అడిగాడు.

"తెలుసుకోవడం ఎందుకు? మా ఓనరు ఒక్కోసారి చెప్పులు చేత్తో పట్టుకుని పైకొచ్చేవాడు. చప్పుడుండేది కాదు. వేళవుతోందంటే దగ్గేసేదాన్ని. అలాగే గుటక గుటకకీ దగ్గుతాను. నీళ్ళు దారి తప్పినా సరే, తప్పకపోయినా సరే."

మింగడం నేర్పే థెరపిస్టు అమ్మాయి పక్కనే ఉంది. అలాంటి సాధన ఒకటి నిజంగానే ఉందని డాక్టరుకు గుర్తు చేసింది. ఊపిరి బిగపట్టాలి, మింగాలి, గాలి పీల్చకముందే దగ్గాలి, మళ్ళీ మింగాలి. చాలామంది మధ్యలో గాలి పీల్చేస్తారు, లేదా దగ్గడం మరిచిపోతారు. అందరికీ కుదరదని డాక్టరు గొణిగాడు. అత్తకు కోపమొచ్చింది.

"మరిచిపోతానా? నేను దగ్గడం మరిచిపోతే ఎంతమంది పొట్ట కొట్టినట్టో మీకేం తెలుసు?"

ముందు ఉమ్మి మింగుతూ సాధన చేసింది, తర్వాత చెంచాడు నీళ్ళతో. రోజూ తిట్టుకుంటూనే చేసింది. ఓ రోజు ఏమరుపాటున గాలి పీల్చేసి, మళ్ళీ జ్వరం తెచ్చుకుంది. నేను ఇక చాలన్నాను. ఆ పొట్ట నాదా నీదా అంది. చివరికి ఎక్స్‌రే తెర ముందు కూర్చోబెట్టి, మింగేది తెర మీద కనబడేలా మందు కలిపిన నీళ్ళిచ్చారు. గొంతు మూత దాకా కొంచెం జారడం నేనూ చూశాను. అత్త దగ్గింది. జారింది పైకొచ్చింది. మళ్ళీ మింగింది. డాక్టరు గొట్టం తీయించేశాడు. నిదానంగా తాగమని, గుటక గుటకకూ దగ్గమని పదేపదే చెప్పాడు.

కాస్త కోలుకున్నాక చూసిపోతానని కార్ఖానాకు వచ్చింది. పాత బల్ల దగ్గర కూర్చోబెట్టి టీ ఇచ్చాం. మా కబుర్లు మళ్ళీ మొదలయ్యాయి. అత్త ఒక గుటక వేసి దగ్గింది. అంతే, గదిలో మిషన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. తలలన్నీ వంగిపోయాయి. గుమ్మంలో ఎవరూ లేరు. తప్పు తెలిసి నవ్వుకున్నాం. రెండో గుటకకూ అదే జరిగింది. కాళ్ళకు చెప్పినా వినలేదు.

మూడో గుటకకు ఓనరు నిజంగానే వచ్చి నిలబడ్డాడు. అత్త దగ్గడం, మేమంతా వంగడం కళ్ళారా చూశాడు. ఆయన మొహంలో ఏళ్ళనాటి దగ్గుమందు సీసాలన్నీ కనబడ్డాయి. అడగలేకా ఊరుకోలేకా కాసేపు నసిగి, చివరికి మర్యాదగా అన్నాడు.

"పొలమారినట్టుంది. ఎవరో తలుచుకుంటున్నారమ్మా."

అత్త కప్పు దించలేదు. గుటక వేసింది. ఆయన మొహంలోకి సూటిగా చూస్తూ దగ్గింది. మళ్ళీ మింగింది.

"నన్నెవరూ తలుచుకోనక్కర్లేదండీ. నా దగ్గు నేనే దగ్గుకుంటాను."