అటు తిరిగి కూర్చున్న ఓనర్ తాత

మొన్న ఎల్బీనగర్ మెట్రో మెట్లు దిగుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "ఓనర్ తాతగారు పోయారే. ఊపిరాడక, ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే." దిల్‌సుఖ్‌నగర్‌లో మేము అద్దెకుంటున్న ఇంటి యజమాని ఆయన. సిటీ బస్సు కండక్టర్‌గా రిటైరయ్యారు.

నాకు ఎంబీబీఎస్ సీటు రాక ముఖం దాచుకుని తిరిగినప్పుడు, "బస్సుల నిలబడి పోయినోళ్లు గూడ ఊరు చేరుతరు బిడ్డా" అన్నది ఆయనే. ఫిజియోథెరపీలో చేరాను. ఆయనకు బ్రాంకైటిస్ ముదిరాక నా మొదటి పేషెంటూ ఆయనే. రోజూ సాయంత్రం మేడ మీద ప్లాస్టిక్ కుర్చీ వీపును ఛాతీకి ఆనించుకుని, రోడ్డు వైపు తిరిగి కూర్చునేవారు. కఫం కదలడానికి నేను అరచేతిని దొప్పలా ముడిచి వీపు మీద తట్టేదాన్ని.

"గట్టిగ కొట్టు. మా ఇంటామె చెయ్యే నయం."

లోపలేమవుతోందో చెప్పమన్నారొకసారి. ఊపిరి గొట్టాల పొర మీద సన్నని వెంట్రుకల్లాంటివి దుమ్మునూ కఫాన్నీ పైకి తోస్తుంటాయనీ, ఏళ్ల తరబడి పొగ తగిలితే అవి నశిస్తాయనీ చెప్పాను. కఫం ఊరే కణాలు మాత్రం పెరుగుతాయి. గోడలు మందమై దారి ఇరుకవుతుంది.

"అంటే జరుగుండ్రి జరుగుండ్రి అనే కండక్టర్లు దిగిపోయిండ్రు. బస్సు ఎక్కించుకుంటనే ఉంది." నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వారు. "మళ్ల ఎక్కుతరా గాళ్లు?"

"సిగరెట్ మానేస్తే కొందరు ఎక్కుతారు తాతగారూ. మందమైన గోడ మాత్రం పూర్తిగా తగ్గదు."

"అయితే ఇయ్యాల్టి నుంచి బంద్." నా తల మీద చెయ్యేసి అన్నారు.

ఆ తర్వాత నోట్లో ఎప్పుడూ యాలకులే. అయినా దగ్గు తగ్గకపోతే నా చేతినే అనుమానించాను. చోటు మార్చి తట్టాను. క్లాసులో ఆయన గురించి గర్వంగా చెప్పాను.

అంత్యక్రియల నాడు వీధి చివరి పాన్ డబ్బా అతను నన్ను చూసి దండం పెట్టాడు. "మీరేనా మేడమ్, వీపు కొట్టేది? తాత రోజు చెప్తుండె. బిడ్డ కొడితే ఛాతి సాఫైతది, గప్పుడు ఒక్కటి తాగితే మజా అని."

మెచ్చుకోలుగానే అన్నాడు. ఊపిరికి దారి తీస్తున్నాననుకున్నాను. పొగకు తీశాను. ఇంత జరిగినా ఆయన మీద ఇష్టం పోలేదు, అందుకే ఇంకా మండుతోంది.

నిన్న సాయంత్రం మేడెక్కాను. కుర్చీ అలాగే ఉంది. ఇన్నాళ్ళూ ఆయన వెనకే నిలబడ్డాను. మొదటిసారి ఆయనలా కూర్చుని చూశాను. రెండు ఫ్లెక్సీల సందులోంచి పాన్ డబ్బా తిన్నగా కనిపించింది. సిగరెట్ అంటించుకోవడానికి అక్కడ వేలాడదీసిన తాడు కొస, ఎర్రగా రగులుతోంది.